మావాడి మణికట్టుకి ఎక్స్‌రే, నా గుండెకి సీటీ: ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రిలో మా అనుభవం

చెయ్యి విరిగిందని వాళ్లే చెప్పారు. ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారు. చెప్పి, మణికట్టుకి ఒక మెత్తటి పట్టీ చుట్టి, మళ్లీ రానక్కర్లేదని ఇంటికి పంపేశారు. ఆ రాత్రి మా అమ్మ అన్నం తినలేదు. "విరిగిన చేతికి గుడ్డ చుట్టి పంపిస్తారట్రా? సిమెంటు కట్టు వెయ్యకుండా?" అని ఒకటే బాధ.

ఆ తర్వాత నాలుగు నెలలకి అదే ఆసుపత్రిలో నా గుండెకి స్కాన్ తీశారు. అప్పుడూ దాదాపు ఇదే జరిగింది. స్టెంట్ లేదు, ఆపరేషన్ లేదు, రోజుకో మాత్ర రాసి పంపారు. కానీ ఈసారి నాకు కోపం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఈ రివ్యూ. ఈ దేశానికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు, "ఇక్కడ డాక్టర్లు ఏమీ చెయ్యరు, పారాసెటమాల్ ఇచ్చి పంపేస్తారు" అని అనుకునేవాళ్లు ముఖ్యంగా చదవాలని నా కోరిక. నేనూ నిన్నమొన్నటి దాకా అదే మాట అన్నవాణ్ణే.

మేం ఉండేది మిడ్‌లాండ్స్ వైపు ఒక మధ్యరకం ఊళ్లో. ఆసుపత్రి పేరు రాయడం లేదు. నేను చెప్పే మంచి చాలావరకు దేశమంతా ఉన్న పద్ధతి వల్ల వచ్చింది, చెడు మాత్రం ఆ ఆసుపత్రి ఆఫీసులో జరిగిన పొరపాటు. రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు.

ముందు మావాడి సంగతి. వాడికి ఎనిమిదేళ్లు. మే నెలలో ఒక శనివారం పార్కులో ఇనుప కడ్డీలు పట్టుకుని వేలాడుతూ జారి, అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాడు. మణికట్టు కొంచెం వాచింది, పెద్దగా వంకర లేదు. ఎమర్జెన్సీకి వెళ్లాక పావుగంటలో ఒక నర్సు చూసి నొప్పి మందు తాగించింది. తర్వాత ఎదురుచూపే. మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. శనివారం సాయంత్రం పిల్లల విభాగం కిటకిటలాడుతోంది కాబట్టి నేను దాన్ని తప్పుపట్టను.

నొప్పి ఎంతుందో కనుక్కోవడానికి నర్సు ఒక కార్డు చూపించింది. ఆరు మొహాల బొమ్మలుంటాయి. మొదటిది నవ్వుతూ ఉంటుంది, చివరిది కన్నీళ్లు పెట్టుకుంటూ ఉంటుంది. మావాడు కాసేపు ఆలోచించి నాలుగో మొహం మీద వేలు పెట్టాడు. ఈ కార్డు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అక్కడ మాకు టెన్షన్ పెట్టిన విషయం ఇంకొకటుంది. "ఎలా పడ్డాడు?" అని మొదట నర్సు అడిగింది, తర్వాత ఎక్స్‌రే దగ్గర అడిగారు, తర్వాత చూసినావిడ అడిగింది. మావాణ్ణి విడిగా కూడా అడిగింది. మా ఆవిడ మొహం తెల్లబడిపోయింది. వీసా మీద బతికేవాళ్లకి ఇలాంటి ప్రశ్న ఎంత దూరం ఆలోచింపజేస్తుందో మీకు తెలుసు. మమ్మల్ని అనుమానిస్తున్నారా అని నేను నేరుగానే అడిగాను. పిల్లలకి దెబ్బ తగిలితే ఎవరు వచ్చినా అడుగుతామనీ, ఆ రోజు పొద్దున్నించి అందరినీ అడుగుతూనే ఉన్నాననీ ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మీరూ కంగారు పడకండి. జరిగింది జరిగినట్టు, అందరికీ ఒకేలా చెప్పండి. అంతే.

ఎక్స్‌రే తెర మీద ఆవిడ చూపించింది నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ముంజేతి ఎముక మణికట్టుకి కొంచెం పైన, ఒక అంచున, సన్నగా ఉబ్బి ఉంది. గీత లేదు, విరుగు లేదు. కుమ్మరి సారె మీదనుంచి అప్పుడే దించిన పచ్చి కుండని బొటనవేలితో నొక్కితే పక్కన ఎలా ఉబ్బుతుందో అలా ఉంది. పిల్లల ఎముక మెత్తన, పెద్దవాళ్ల ఎముకలా పుటుక్కున విరగదు, నలుగుతుంది. దీన్ని బకుల్ ఫ్రాక్చర్ అంటారనీ, టోరస్ ఫ్రాక్చర్ అని కూడా అంటారనీ, పిల్లల మణికట్టుకి తగిలే దెబ్బల్లో ఇది చాలా మామూలనీ చెప్పింది. ఎముక తన స్థానం నుంచి కదల్లేదు కాబట్టి దాన్ని పట్టి ఉంచాల్సిన పని లేదట. పట్టీ కూడా హాయిగా ఉండటానికే, వాడికి వద్దనిపించిన రోజు తీసెయ్యొచ్చట.

"మరి ప్లాస్టర్?" అన్నాను. "ఇదివరకు వేసేవాళ్లం. ఇప్పుడు పెద్ద పరిశోధన చేసి, అక్కర్లేదని తేల్చారు" అంది. ఒక కాగితం ఇచ్చింది. ఏ లక్షణాలు కనిపిస్తే వెనక్కి తీసుకురావాలో అందులో ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ అన్న మాట ముందే చెప్పాను. అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చి ఉంది. "అదే మన దగ్గరైతే పుత్తూరు కట్టు కట్టించేవాళ్లం. ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు పెట్టి కడితే కదలకుండా ఉండేది" అంది. అమ్మని తప్పుపట్టలేను. విరిగిన ఎముకకి కట్టు అనేది మన మనసులో అంత బలంగా నాటుకుపోయింది. నాకూ లోపల అదే ఉంది. అందుకే ఆ రాత్రి పడుకోకుండా ఆ పరిశోధన ఏమిటో వెతికాను.

దాని పేరు ఫోర్స్. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. బ్రిటన్‌లోని 23 ఆసుపత్రుల్లో, నాలుగు నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లలు 965 మంది, అందరికీ మావాడికైన దెబ్బే. సగం మందికి మెత్తటి పట్టీ ఇచ్చి ఇంటికి పంపారు. మిగతా సగానికి గట్టి కట్టు వేసి, మామూలుగా మళ్లీ రమ్మన్నారు. ఎవరికి ఏది అనేది డాక్టర్లు ఎంచుకోలేదు, చీటీ తీసినట్టు కంప్యూటర్ నిర్ణయించింది. మూడో రోజున పిల్లలందరికీ అదే మొహాల కార్డు చూపించి నొప్పి ఎంతుందని అడిగారు. పదికి, పట్టీ వాళ్లలో సగటు 3.21, గట్టి కట్టు వాళ్లలో 3.14. అంటే తేడా లేనట్టే. ఆరు వారాలు గమనించారు, చెయ్యి పనిచేయడంలోనూ తేడా రాలేదు. ఈ పరిశోధన నడిపిన డాక్టర్ డాన్ పెర్రీ పిల్లల ఎముకల సర్జన్.

మంగళవారం అంటే మావాడికి మూడో రోజు. స్కూలుకి వెళ్లేముందు వాణ్ణి నిలబెట్టి, ఆ మొహాల్ని నేనే కాగితం మీద గీసి చూపించాను. వాడు రెండో మొహం మీద వేలు పెట్టి, "నాన్నా, ఇది నవ్వుతున్నట్టు గియ్యలేదు, సరిగ్గా గియ్యి" అన్నాడు. ఆ కాగితం అమ్మకి చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ ఆ పూట వాడికి ఇష్టమని పెసరట్లు వేసింది.

పట్టీ తొమ్మిదో రోజున వాడే విప్పేశాడు. మూడు వారాలకి చెయ్యి మామూలే. గట్టి కట్టు వేసుంటే స్నానం, దురద, రాత, అది తీయించడానికి నేను సెలవు పెట్టడం, ఇంకోసారి ఆసుపత్రిలో కూర్చోవడం, ఇవన్నీ ఉండేవి. అవేవీ లేకుండా చేసింది ఆ 965 మంది పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ. పిల్లాడు ఏడుస్తున్నప్పుడు, "ఏ వైద్యం వస్తుందో చీటీ తేలుస్తుంది, ఒప్పుకుంటారా?" అంటే సరేనని సంతకం పెట్టిన తల్లిదండ్రులు వాళ్లు. ఆ స్థానంలో నేనుంటే పెట్టేవాణ్ణా అని ఆలోచిస్తే ఇప్పటికీ నాకు జవాబు దొరకదు.

ఒక హెచ్చరిక. ఇది ఆ ఒక్క రకం దెబ్బకే. ఎముక వంగినా, పక్కకి జరిగినా, మోచేయి అయినా సంగతి వేరు. ఎక్స్‌రే చూసినవాళ్లు తేల్చాల్సిందే, ఇంట్లో మనం తేల్చుకునేది కాదు.

ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చేముందు, ఎక్స్‌రే చూపించినావిడ ఇంకో మాట కూడా అడిగింది, మావాడికి విటమిన్ డి ఇస్తున్నారా అని. ఇవ్వడం లేదు. దక్షిణాసియా వాళ్ల చర్మానికి ఈ దేశపు ఎండ చాలదు, ఏడాది పొడవునా రోజుకి 10 మైక్రోగ్రాములు ఇవ్వడం గురించి ఆలోచించమంది. దీని వెనకా వలస వచ్చినవాళ్ల కథ ఉంది. 1960లలో గ్లాస్గోలో భారత్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్లో రికెట్స్ కనిపించింది. దొడ్డికాళ్లు, మెత్తబడ్డ ఎముకలు. 1970ల చివర్లో అక్కడ ఉచితంగా విటమిన్ డి చుక్కలు పంచిపెట్టాక తగ్గుముఖం పట్టింది. ఇంటి దగ్గర ఎండకి గొడుగు వేసుకుని తిరిగిన జాతి మనది. ఎండ చాలదు అనే మాట మనకి తోచనే తోచదు. ఇప్పుడు మా ఇంట్లో ఆ సీసా ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది.

ఇక నా సంగతి.

నాకు నలభయ్యారేళ్లు. సెప్టెంబర్లో సరుకుల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని మా వీధి ఎత్తు ఎక్కుతుంటే గుండెల మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కినట్టనిపించింది. ఆగాను, పోయింది. వారంలో మూడుసార్లు అలాగే. ఇంట్లో చెప్పలేదు. గ్యాస్ అనుకున్నాను.

గ్యాస్ అనే ఆ మాట మా ఇంట్లో ఒక మనిషిని తీసుకుపోయింది. 2006లో మా నాన్న తెల్లవారుజామున లేచి గుండెలో పట్టేసినట్టుందన్నాడు. రాత్రి తిన్న గారెలు అరగలేదనుకున్నాం. నిమ్మకాయ సోడా ఇచ్చాం, వీపు రాశాం. గంటన్నర గడిచాక ఆటో మాట్లాడి గుంటూరు బయల్దేరాం. దారిలోనే అయిపోయింది. ఆయనకి యాభై నాలుగేళ్లు. ఆ సోడా కలిపింది నేను.

అందుకే మూడోసారి నొప్పి వచ్చిన రాత్రి మా ఆవిడకి చెప్పాను. మర్నాడు ఎనిమిదింటికే జీపీకి, అంటే మేం పేరు నమోదు చేసుకున్న మా ప్రాంతం డాక్టరుకి, ఫోన్ చేసింది తనే.

జీపీ దగ్గర నా అసలు కష్టం నొప్పి కాదు, మాట. నేను "గ్యాస్ అనుకున్నాను" అన్నాను. ఇంగ్లిష్ వాళ్లకి ఆ మాట వింటే కడుపు ఉబ్బరం గుర్తొస్తుంది, గుండె గుర్తు రాదు. ఆవిడ అజీర్తి గురించి అడగడం మొదలుపెట్టింది. అప్పుడు ఆపి, మా నాన్న సంగతి చెప్పాను. ఆవిడ కీబోర్డు మీదనుంచి చేతులు తీసేసి, "నొప్పి ఉన్న చోట చెయ్యి పెట్టి చూపించండి" అంది. నేను పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టాను. ఎప్పుడు వస్తుంది, ఆగితే పోతుందా, ఎంతసేపట్లో పోతుంది అని అడిగింది. మాటలకి అందనిది చేత్తో అందింది. మన అమ్మానాన్నల్ని తీసుకెళ్లేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. పట్టేసినట్టు, బరువు, మంట, పోటు, ఇవన్నీ వేరువేరు. "పెయిన్" అని ఒక్క మాటతో తర్జుమా చేస్తే సగం జబ్బు తలుపు బయటే ఉండిపోతుంది. కావాలంటే తెలుగు దుబాసీని ఫోన్లో కలుపుతారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి.

అదే రోజు ఈసీజీ, రక్తపరీక్షలు చేసి, ఛాతీనొప్పి క్లినిక్‌కి రాశారు. ఇక్కడే నేను ఒక స్టార్ తీసేసింది. అపాయింట్‌మెంట్ ఉత్తరం ఆ తేదీ దాటిపోయిన రెండు రోజులకి మా ఇంటికి వచ్చింది. ఫోన్ చేస్తే నలభై నిమిషాలు లైన్లో ఉంచారు. తీరా తీశాక "మీరు రాలేదని రాసి ఉంది" అన్నారు. పన్నెండు రోజుల తర్వాతకి ఇంకో తేదీ ఇచ్చారు. తండ్రి గుండెపోటుతో పోయినవాడికి ఆ పన్నెండు రోజులు ఎలా గడుస్తాయో ఉత్తరాలు పంపే ఆఫీసుకి తెలియాలి. ఇంగ్లిష్ రాని పెద్దావిడకి ఇలా జరిగితే? ఆవిడ పేరు జాబితాలోంచి మాయమైపోయేది. ఇది మాత్రం నేను ఫిర్యాదు రాసి ఇచ్చాను. జవాబులో క్షమాపణ చెప్పారు. మీరు జీపీ రాసిన రోజునుంచి వారం దాకా చూడండి, ఏమీ రాకపోతే మీరే ఫోన్ చెయ్యండి. మంచివాళ్లలా ఎదురుచూడకండి.

క్లినిక్‌లో గుండె జబ్బుల స్పెషలిస్ట్ నర్సు అరగంట కూర్చుంది. మన దగ్గర గుండె అంటే వరసగా ఈసీజీ, 2డీ ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష), ఆ తర్వాత యాంజియో. నేనూ షూ వేసుకుని వెళ్లాను, ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారని. "ఎక్కించం. నేరుగా గుండె రక్తనాళాలకి సీటీ తీస్తాం" అంది. ఇంతకుముందు గుండె జబ్బు తేలని మనిషికి ఇలాంటి నొప్పి వస్తే మొదటి పరీక్షగా సీటీ యాంజియోనే వాడాలని ఏ జబ్బుకి ఏ పరీక్ష, ఏ వైద్యం అని ఇక్కడి ఆసుపత్రులకి చెప్పే నైస్ సంస్థ 2016లో మార్గదర్శకాలు మార్చింది. ట్రెడ్‌మిల్ మీద రక్తప్రసరణ బాగానే ఉన్నట్టు కనిపించినా, నాళం గోడలో కొవ్వు పేరుకోవడం మొదలైందో లేదో అది చెప్పలేదు. సీటీ చెబుతుంది.

స్కాన్ రోజు సంగతి కాస్త వివరంగా రాస్తాను. వెళ్లేవాళ్లకి భయం తగ్గుతుంది.

ముందురోజు నుంచి కాఫీ, టీ బంద్. పొద్దున కాఫీ లేకపోతే నాకు తలనొప్పి, ఓర్చుకున్నాను. మోచేయి మడత దగ్గర సూది పెట్టారు. నా గుండె నిమిషానికి 78 సార్లు కొట్టుకుంటోంది, అది ఎక్కువట. మాత్ర ఇచ్చి ఒక గంట కూర్చోబెట్టారు. ఎందుకో అడిగితే స్కాన్ తీసే అమ్మాయి చెప్పింది. మిగతా అవయవాలు ఆగి ఉంటాయి, గుండె ఆగదు. నాకు ఇలా అర్థమైంది: ఉయ్యాల ఊగుతున్న పిల్లాడికి ఫొటో తీస్తే చెదిరిపోతుంది, అదే ఉయ్యాల చివరికంటా వెళ్లి వెనక్కి తిరిగే ముందు ఒక్క క్షణం ఆగినప్పుడు తీస్తే మొహం స్పష్టంగా వస్తుంది. గుండె నెమ్మదిస్తే ఆ క్షణం కాస్త పొడుగవుతుంది. ఛాతీ మీద అతికించిన ఈసీజీ తీగల్ని చూసి యంత్రం సరిగ్గా అప్పుడే ఫొటో తీస్తుంది. మనిషికి మొట్టమొదటి సీటీ స్కాన్ 1971లో ఈ దేశంలోనే, వింబుల్డన్‌లోని ఆట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడుకి తీశారు. మెదడు కదలదు. కదిలే గుండెని పట్టుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

గుండె 58కి వచ్చాక బల్ల మీద పడుకోబెట్టారు. నాలుక కింద ఏదో స్ప్రే కొట్టారు, రక్తనాళాలు విచ్చుకోవడానికి. తల దిమ్ముగా అయింది. తర్వాత సూదిలోంచి అయోడిన్ మందు. "ఒళ్లంతా వెచ్చగా పాకుతుంది, మూత్రం పోయినట్టనిపిస్తుంది, కానీ పోదు, భయపడకండి" అని ముందే చెప్పింది. గొంతులో మొదలై పొట్ట మీదుగా తొడల దాకా సరిగ్గా అలాగే పాకింది. ముందే చెప్పకపోతే కచ్చితంగా భయపడేవాణ్ణి. గాలి పీల్చి ఆపమన్నారు. ఆ కొన్ని సెకన్లలో నాకు నాన్న గుర్తొచ్చాడు. ఆయనకి ఇలాంటి బల్ల ఒకటి ముందే దొరికి ఉంటే అనిపించింది. అంతే, అయిపోయింది. ఆ చిన్న అమ్మాయి పనితనానికీ, ప్రతి అడుగూ ముందే చెప్పిన ఓపికకీ నేను పది స్టార్లు ఇస్తాను.

రెండున్నర వారాలకి రిపోర్టు. గుండెకి ముందువైపు వెళ్లే పెద్ద నాళంలో కొవ్వు పేరుకుంది, అడ్డు సగంకంటే తక్కువ. రక్తం ఆగేంత కాదు, స్టెంట్ అక్కర్లేదు. నా నొప్పికి అదే కారణం కాకపోవచ్చు కూడా. కానీ జబ్బు మొదలైందన్నది మాత్రం నిజం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర జీవితాంతం, రోజూ నడక, బీపీ మీద కన్ను.

ఇంతేనా అని మనసు ఒక్క క్షణం అంది. మే నెలలో అమ్మ అన్నట్టే. అప్పుడే స్కాట్‌హార్ట్ అనే పరిశోధన గురించి చదివాను. స్కాట్లాండ్‌లో 4,146 మంది, అందరూ నాలాగే ఛాతీనొప్పితో క్లినిక్‌కి వచ్చినవాళ్లు. సగం మందికి మామూలు పరీక్షలు, సగం మందికి వాటితోపాటు సీటీ యాంజియో. ఎడిన్‌బరోలో డాక్టర్ డేవిడ్ న్యూబీ బృందం నడిపింది. ఐదేళ్ల తర్వాత లెక్క చూస్తే, గుండెజబ్బుతో పోయినవాళ్లూ గుండెపోటు వచ్చినవాళ్లూ కలిపి సీటీ గుంపులో 48 మంది, రెండో గుంపులో 81 మంది. శాతంలో 2.3, 3.9. నన్ను ఆపేసిన సంగతి ఏమిటంటే, ఐదేళ్లలో స్టెంట్లూ బైపాస్‌లూ రెండు గుంపుల్లో ఇంచుమించు సమానమే. తేడా చాలావరకు మాత్రల వల్లే వచ్చి ఉంటుందని పరిశోధకుల అంచనా. సీటీలో కొవ్వు కనబడినవాళ్లకి మాత్రలు మొదలుపెట్టారు, కనబడనివాళ్లకి అక్కర్లేదన్నారు. నా చేతిలో పెట్టిన ఆ చిన్న మాత్రే ఆ తేడా.

రిపోర్టు రాసిన భాష గురించి మాత్రం చెప్పాలి. సగం పదాలు నాకు అర్థం కాలేదు. జీపీ ఫోన్ చేసి విడమరిచి చెప్పేదాకా నాలుగు రోజులు నిద్ర లేదు. నాలుగు వాక్యాలు మామూలు ఇంగ్లిష్‌లో రాస్తే వాళ్లకి పోయేదేమీ లేదు.

మనవాళ్ల విషయం ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ నలభై దాటినవాళ్లని ఐదేళ్లకోసారి ఉచిత హెల్త్ చెక్‌కి పిలుస్తారు. నాకు రెండుసార్లు ఉత్తరం వచ్చింది, ఆఫీసు పని ఉందని వెళ్లలేదు. వెళ్లి ఉంటే గుండె ముప్పు లెక్కలో మీ జాతి ఏమిటని ఒక గడి ఉండేది, అందులో ఇండియన్ అని. అది ఊరికే పెట్టిన గడి కాదు. 1988 నుంచి 1991 మధ్య లండన్‌లోని సౌతాల్, బ్రెంట్ ప్రాంతాల్లో వలస వచ్చిన పంజాబీలు, ఇతర భారతీయులు, కరీబియన్లు, ఇంగ్లిష్ వాళ్లు కొన్ని వేలమంది పరిశోధకులకి రక్తం ఇచ్చారు, నడుము కొలతలు ఇచ్చారు. మనవాళ్లకి షుగరూ గుండెజబ్బూ ఎందుకు ఎక్కువ, నడుము చుట్టూ పేరుకునే కొవ్వుకీ దానికీ ఉన్న సంబంధం ఏమిటి అన్నది అక్కడ తేటపడుతూ వచ్చింది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకి వస్తే, మిగతావాళ్లకి దాదాపు 59కి వచ్చింది. మా నాన్న వయసు యాభై నాలుగు. నేను ఇన్నాళ్లూ అది మా ఇంటి దురదృష్టం అనుకున్నాను.

బరువు విషయంలోనూ అంతే. నా బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 25.3. తెల్లవాళ్లకైతే అది గీత దాటీ దాటనట్టు. మనకి ఇక్కడ హెచ్చరిక గీత 23 దగ్గరే గీశారు. అద్దంలో సన్నగానే ఉన్నాం కదా అనుకోవద్దు.

డబ్బు సంగతి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. కౌంటర్లో ఒక్క పౌండ్ కట్టలేదు. కానీ ఉచితం అనే మాట నేను వాడను. 2024లో వీసా పొడిగించినప్పుడు ఆరోగ్య సర్‌చార్జ్ పెద్దవాళ్లకి ఏడాదికి 1,035, పిల్లాడికి 776 పౌండ్లు. ముగ్గురికి మూడేళ్లకి 8,538 పౌండ్లు ఒకేసారి కట్టాం, జీతంలో పన్ను పోను. కట్టినప్పుడు కడుపు మండింది. కాబట్టి జీపీ దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి, అది మనం ముందే కట్టుకున్నది. అమ్మానాన్నల్ని విజిట్ మీద తెచ్చుకునేవాళ్లు ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. ఎమర్జెన్సీలో చూడటానికి వాళ్లని డబ్బు అడగరు గానీ, ఆసుపత్రిలో చేర్చుకుంటే మామూలు ధరకి 150 శాతం కట్టాలి.

స్కాన్ రోజున గదిలోంచి బయటికి వస్తుంటే ఒక రీసెర్చ్ నర్సు ఆపి, నా ఫొటోలు, రక్తం, పేరు లేకుండా పరిశోధనకి వాడుకోవచ్చా అని అడిగింది. ఇష్టం లేకపోతే వద్దనొచ్చనీ, వైద్యంలో తేడా ఉండదనీ రెండుసార్లు చెప్పింది. నాలుగు పేజీల కాగితం. మామూలుగా అయితే ఆలోచించి చెబుతానని తప్పించుకునేవాణ్ణి. ఆ రోజు అక్కడే కుర్చీలో కూర్చుని మొత్తం చదివి సంతకం పెట్టాను. సూది పెట్టిన చెయ్యి కాబట్టి సంతకం కొంచెం వంకరగా వచ్చింది.

అమ్మ నవంబర్లో తిరిగి తెనాలి వెళ్లింది. వెళ్లేముందు నా రిపోర్టు కాపీ ఒకటి అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది, తమ్ముడికి చూపించడానికి. వాడికి నలభై మూడు. నడుము నాకంటే ఎక్కువ, సిగరెట్ ఉంది. ఫోన్ చేసి కనీసం కొలెస్ట్రాల్, షుగర్ చూపించుకోరా అన్నాను. "నాకేం లేదన్నయ్యా, అప్పుడప్పుడూ గ్యాస్, అంతే" అన్నాడు. ఇంకా వెళ్లలేదు. ఈ ఆదివారం మళ్లీ చేస్తాను.